ఏడు జానల అంచు

సిరిసిల్ల,
మే 14.

తమ్ముడు సుదర్శన్‌కు ఆశీర్వాదాలు.

ఫోను చేయకుండా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోనులో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. కాగితం మీదైతే నా వంతు నాకు దక్కుతుంది.

మొన్న సోమవారం పొద్దున సంగతి రాస్తాను. ఎప్పటిలాంటి పొద్దే. నాలుగున్నరకు లేచి వాకిలి ఊడ్చి సాన్పి చల్లాను. గూట్లో దీపం పెట్టి రాజన్నకు దండం పెట్టుకున్నాను. ఆరింటికి మీ బావ సాంచాలు నడిపించాడు. ఆ కరెంటు మగ్గాల చప్పుడు మొదలైతే మా గల్లీలో పాలు పోసే ఆమె కూడా అరిచే పలకరిస్తుంది. మీ బావ బీము దగ్గర తెగిన పోగు అతుకుతున్నాడు. నేను ఉప్మాకు రవ్వ వేయిస్తున్నాను. వర్ష చాయ్ గ్లాసు పట్టుకుని కొత్త కంప్యూటర్ ముందు కూర్చుంది.

షెడ్డు చివర జకార్డు సాంచా నీకు తెలుసు. అంచుల్లో బొమ్మలు నేసేది అదొక్కటే. దానికి డిజైన్ అందించే పాత డబ్బా ఉగాదికి ఆగిపోయింది. కొత్త డబ్బా పెట్టించాం. అది పెన్‌డ్రైవ్ తప్ప ఇంకేదీ తీసుకోదు. మన డిజైన్లన్నీ ఆరు ఫ్లాపీల్లో ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందామని వర్ష ఫ్లాపీలు చదివే చిన్న పెట్టెను కొరియర్‌లో తెప్పించింది. ఎర్ర చీటి అంటించిన ఫ్లాపీని ముందుగా పెట్టింది. కిర్రుమన్నది.

"అమ్మా, ఇది ఫార్మాట్ కాలేదట. చెయ్యాల్నా అని అడుగుతుంది" అన్నది.

"చేస్తే ఏమైతది?"

"లోపల ఉన్నదంత తుడిచి కొత్తగ ఇస్తది."

"ఆగు" అన్నాను. అప్పటికే దాని వేలు మీట మీద ఉంది.

మిగతా ఐదు పెట్టినా అదే మాట. మన ఫ్లాపీల మీద రాసిన పద్ధతి ఆ పాత డబ్బాదట. ఇప్పటి కంప్యూటర్లు ఆ పద్ధతిని వదిలేసి చాలా ఏళ్లయిందట.

ఎర్ర చీటిదానిలో ఉన్నది స్వామి బట్ట. రాఖీ పున్నానికి కోరుట్ల మార్కండేయ స్వామికి మన ఇంటి నుంచి పోయే ఉత్తరీయం. మీ బావ ఒకటే మాట అన్నాడు: "పున్నంలోపు జకార్డు మీదికెంచి స్వామి బట్ట దిగితే ఆ సాంచా వర్షది. దిగకుంటే పాత ఇనుముల పోతది. ఆ జాగల రెండు మామూలు సాంచాలు పడ్తయి." వర్ష సరే అన్నది. ఆ సాంచా పోతే వర్షకు బట్టల ఫ్యాక్టరీలో కుట్టు పనే. అడ్డంగా నిలబడి అరిచే పిల్ల కాదు. అందుకే నాకు దిగులు.

డిజైన్లు ఎక్కించినప్పుడే ఆ ఫ్లాపీల రెండో జత నీ చేతికిచ్చాను. చూసి చెప్పు.

అక్క
నీల


కోరుట్ల,
మే 23.

అక్కా, దండాలు.

నీ ఉత్తరం పోస్ట్‌మ్యాన్ నా చేతిల పెట్టి "కోర్టు నోటీసా అన్నా?" అని అడిగిండు. ఈ జమానల ఉత్తరమంటే గదే అనుకుంటున్నరు. "కాదు, మా అక్క" అన్న. "ఇంక భయమే" అన్నడు.

నాకు నీ తీరుగ పుస్తకం భాష రాదు. మాట్లాడినట్టె రాస్తున్న.

నువ్వు ఫికర్ చెయ్యకు. జగిత్యాలల దేవేందర్ అని నా దోస్తున్నడు. కంప్యూటర్లు బాగు చేస్తడు. పాతయి ఒక్కటి కూడ పారెయ్యడు, ఇల్లంత కుప్ప పోసిండు. పెండ్లాం "అవన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అంటే "రెండు రోజులు టైమియ్యి" అన్నడట. అసొంటి మనిషి. మన ఫ్లాపీలు చదివే కంప్యూటర్ భూమ్మీద ఒక్కటున్నా అది ఆయన ఇంట్లనే ఉంటది.

ఆరు ఫ్లాపీలు బస్సుల పంపు. బావకు చెప్పు, ఇనుము తూకం అప్పుడే మాట్లాడుకోవద్దని. వర్షకు చెప్పు, మామ ఉన్నడని.

రెండో జత ఎక్కడ్నో భద్రంగనే పెట్టిన. ప్రెస్సుల పెండ్లి పత్రికల గిరాకి, తల గోక్కునే టైము లేదు. చూస్త.

నీ తమ్ముడు
సుదర్శన్


సిరిసిల్ల,
జూన్ 3.

తమ్మీ,

ఆరు ఫ్లాపీలు స్టీలు డబ్బాలో పెట్టి వేములవాడ మీదుగా వచ్చే బస్సు కండక్టర్‌కు ఇచ్చాను. ఎర్ర చీటిదాన్ని ఎవరూ తుడవకండి. దేవేందర్‌కు కూడా చెప్పు, నిదానంగా చూడమని.

నిన్న ఇద్దరు మనుషులు వచ్చి జకార్డు ఉన్న చోటును టేపుతో కొలిచారు. వర్ష వాళ్లకు మంచినీళ్లిచ్చింది. టేపు రెండో కొస కూడా అదే పట్టుకుంది. నేను లోపలికి వచ్చేశాను.

"స్వామి బట్ట ఒక్కటన్న దాచుకోకపోతిమి" అన్నది తర్వాత. దాచుకునేది కాదు కదా. ఏటా నేసేది ఒక్కటే. ఏడు జానల అంచు, జానకొక్క బొమ్మ. ఊరేగింపు మరునాడు దాన్ని ఏడు ముక్కలు చేసి ఏడిళ్లకు పంచుతాం. ఎవరి పనిముట్టుకు వాళ్లు కట్టుకుంటారు. మళ్లీ పున్నం దాకా విప్పరు. పాత ముక్కలు వాగులో కలుపుతాం. ఫోన్లలో ఫోటోలు ఉన్నాయి కానీ వాటిలో పులి కనిపిస్తుంది, పోగు కనిపించదు. బొమ్మ పోగు పోగు గీసిన గళ్ల కాగితాలను, డిజైన్ ఫ్లాపీలో ఎక్కింది కదా అని అప్పుడే పారేశాం.

రెండో జత సంగతి రాయలేదు.

నీల


జగిత్యాల,
జూన్ 12.

అక్కా,

దేవేందర్ దుకాణంల కూసోనే రాస్తున్న. కాగితం గూడ ఆయనదే, వెనుక మానిటర్ బొమ్మ ఉన్నది, ఏమనుకోకు.

ముందు మంచి మాట. ఐదు ఫ్లాపీలు చదివినయి. పైన అటుక మీదికెంచి తెల్ల రంగు పోయి పసుపు పచ్చగైన కంప్యూటర్ ఒకటి దించిండు. స్విచ్చేస్తె రైస్ మిల్లు లెక్క మోగింది. అర్ధగంటకు పూలు, మామిడి పిందెలు, గళ్లు అన్ని బయటికొచ్చినయి. పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చిండు. నేను వర్షకు ఫోన్ జేసి చెప్దామనుకుంటున్న, గప్పుడే ఎర్ర చీటిది పెట్టిండు.

గరగర గరగర అన్నది. తీసిండు. ముందటి రేకు గోటితోని పక్కకు జరిపి లోపలికి చూసిండు. మళ్ల కండ్లద్దాలు తుడుచుకోని చూసిండు.

"సుదర్శనన్నా, గిది ఫ్లాపీయా, గుడి గడపనా?"

నేను చూస్తె, నల్ల రేకు మీద గుండ్రంగ కుంకుమ బొట్టు, సుట్టు పసుపు, నూనె. ఇంత ముచ్చటగ పెట్టిర్రు.

"ఇరవై ఐదేండ్ల నుంచి చూస్తున్న. చీమల గుడ్లు చూసిన, బొద్దింకలు చూసిన. గిది చూడలె. దీన్ని ఎవరో భక్తితోని చంపిర్రు" అన్నడు. అని దండం గూడ పెట్టిండు. నేను నవ్విన అక్కా, అబద్ధమెందుకు. తర్వాత నవ్వు రాలె.

తుడిచి చూసిండు. ఫ్లాపీని చదివే సూది తిరిగినకాడల్ల కుంకుమ రాసుకపోయి గీతలు పడ్డయట. పులి గాని, తామర గాని, అంచుల ఏ బొమ్మ మిగల్లేదు. "ఇంక లేదన్నా" అన్నడు.

బొట్టు వర్షనే పెట్టిందేమో. చిన్నప్పటి నుంచి నిన్ను చూసి నేర్చుకున్నది. పోరిని తిట్టకు. నువ్వు తిట్టవు, చూస్తవు. గదే ఎక్కువ.

సుదర్శన్


సిరిసిల్ల,
జూన్ 19.

తమ్మీ,

వర్ష కాదు. నేను.

ప్రతి దసరాకు సాంచాలకు, కండెలకు, కత్తెరలకు బొట్టు పెట్టినట్టే ఫ్లాపీలకు కూడా పైన పెట్టేదాన్ని. ఏళ్ల తరబడి ఏమీ కాలేదు. పోయిన దసరాకు ఎర్ర చీటిదాన్ని చేతిలోకి తీసుకుంటే వేలు తగిలి రేకు పక్కకు జరిగింది. లోపల నల్లగా, నునుపుగా కనిపించింది. స్వామి ఉన్నది పైన ప్లాస్టిక్‌లో కాదు, ఇక్కడ కదా అనుకున్నాను. తడి కుంకుమతో మంచిగా పెట్టాను. మనసు నిండింది.

దాన్నే వర్ష ఉగాది ముందు ఒకసారి పాత డబ్బాలో పెట్టింది. అప్పుడే డబ్బా ఆగిపోయింది. పాతదైంది, ఆగిందని అందరూ అన్నారు. నాకు అనుమానం వచ్చింది. నోరు విప్పలేదు. నిన్ను తుడవొద్దన్నది కూడా అందుకే. తుడిస్తే ఎర్రగా వస్తుందని భయం.

నీ ఉత్తరం చదివి మూడు రోజులు ఆగాను. వర్షను నువ్వు అనుమానించావు. రేపు వాళ్ల నాన్న కూడా అనుమానిస్తాడు. అందుకే మొదట దానికే చెప్పాను. "నాకు తెల్సమ్మా" అన్నది. దసరానాడు పక్కనే ఉండి చూసిందట. మూడు నెలలుగా నా కోసం నోరు మూసుకున్నదది.

మీ బావకూ చెప్పాను. "ఇగ సాంచాల నూనె పోసేటప్పుడు నన్నడిగి పొయ్యి" అన్నాడు. పున్నం గడువు మాత్రం మార్చలేదు.

ఇప్పుడు మిగిలింది నీ దగ్గరి జతే. బస్సులో పంపు.

నీల


కోరుట్ల,
జూన్ 30.

అక్కా,

నాలుగు సార్లు రాసి చింపిన.

నువ్వు ఇచ్చిన జత లేదు. పోలేదు, ఉన్నది. ఫ్లాపీలు ఉన్నయి, లోపలిది లేదు. ప్రెస్సు పెట్టిన కొత్తల పెండ్లి పత్రికల బొమ్మలు దాచుకునేతందుకు ఖాళీ ఫ్లాపీలు లేకుంటె అవే ఫార్మాట్ చేసిన. నీ మిషన్ నిన్ను అడిగిన మాటనే నన్ను గూడ అడిగింది. నాకు "ఆగు" అనేటోళ్లు పక్కకు లేరు.

అప్పుడు ఏమనుకున్ననంటె, అక్క దగ్గర అసలుది ఉండనే ఉన్నది, అక్క దగ్గర ఏది చెడిపోతది? దేవుని గూట్లె పెట్టుకుంటది గద అనుకున్న.

నిన్ను ఎక్కిరించినందుకు సిగ్గైతున్నది. నువ్వు బొట్టు పెట్టి పోగొట్టినవు. నేను గణపతి బొమ్మలు, "మా ఇంటి పెండ్లికి రండ్రి" అని ఎక్కిచ్చి పోగొట్టిన. తేడా ఏమున్నది?

వర్షకు నేనే చెప్త. నా మొఖం చూపియ్య ధైర్యం లేదు గనుక ఇంకో వారం ఆగి చెప్త.

సుదర్శన్


సిరిసిల్ల,
జూలై 8.

తమ్మీ,

వారం ఆగనక్కర లేదు. నీ ఉత్తరం వర్షే చదివి వినిపించింది. గణపతి బొమ్మల దగ్గర కొంచెం నవ్వింది.

నాకు కోపం వచ్చింది. నాలుగు రోజులు గడిచాక తగ్గింది. నన్ను నేను క్షమించుకోవాలంటే నిన్ను కూడా అదే తక్కెడలో తూచాలి కదా.

నిన్న పొద్దున దీపం పెట్టి షెడ్డులోకి పోయాను. జకార్డు తల మీద మన ముక్క వేలాడుతోంది. నేసిన ఇంటికి ఎప్పుడూ పేక నేసే నాడె బొమ్మ వస్తుంది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. నాడె ఇక్కడుంది. మరి పులి ఎవరింట్లో ఉంది? శంఖం ఎవరింట్లో?

బట్ట ముక్కలైంది. పోలేదు. మిగిలిన ఆరూ కోరుట్లలోనే ఉన్నాయి.

వర్ష దగ్గర పోగులు చూసే అద్దం ఉంది. ముక్క చేతికి వస్తే పడుగు, పేక ఒక్కొక్కటి లెక్కపెట్టి కంప్యూటర్‌లో గడి గడిగా దింపుకుంటానంటోంది. జానకు రెండు రోజులు చాలంది. దాని గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

కానీ ముక్కలు విప్పాలి. ముడి వేసి, మడిచి కట్టి ఉంటాయి. పున్నం దాకా విప్పొద్దని ఇంటింటికీ చెప్పి వచ్చేది నేనే. ఒకసారి పిల్లాడి జ్వరానికి కట్టుకుంటామని విప్పిన ఇంటితో నేను ఏడాది మాట్లాడలేదు. నీకు తెలుసు.

ఈసారి విప్పమని నేనే అడుగుతున్నాను. నిన్న మన ముక్కను నా చేతితోనే విప్పాను. ముక్క తీసుకున్న చోట పచ్చదారం కట్టి రా. పున్నానికి కొత్తది వస్తుందని చెప్పు.

నీల


కోరుట్ల,
జూలై 17.

అక్కా,

ఐదు దొరికినయి!

ఒక్క ఇంట్ల గూడ మగ్గం లేదు అక్కా, అన్ని ఎక్కడెక్కడనో ఉన్నయి. తామర టైలర్ రమ మిషనుకు కట్టుకున్నది. శంఖం నర్సయ్య కిరాణంల కాంటాకు ఉన్నది, మిరపకాయల ఘాటుకు నేను తుమ్మిన, ఆయన "శకునం బాగలేదు" అని గంట కూసోవెట్టిండు. దీపం ఆటో అద్దానికి. నెమలి ఎస్టీడీ బూత్ ఉన్నప్పటి ఫోన్‌కు, ఆ ఫోన్ పనిచెయ్యదు, ముక్క మాత్రం కొత్తగున్నది. త్రిశూలం ఐస్‌క్రీం బండికి. నీ పేరు చెప్తె "నీలక్క విప్పుమన్నదా? నిజమేనా?" అని ఒక్కొక్కళ్లు రెండు సార్లు అడిగిర్రు. నీ ఉత్తరం చూపిచ్చిన.

ఐదు పంపుతున్న. వర్షను మొదలు పెట్టుమను.

పులి దగ్గర ఆగింది. లసుమవ్వ చిన్నమ్మ దగ్గర ఉన్నది. బీడీల చాటకు కట్టుకున్నది. చేతులు ఆకు కత్తిరిస్తనే ఉన్నయి, నన్ను చూడనన్న చూడలె.

"పున్నం దాక విప్పద్దని చెప్పిందెవరు?"

"అక్కనే చిన్నమ్మా."

"విప్పుమని చెప్పిందెవరు?"

"అక్కనే."

"ఎందుకట?"

నేను ఏం చెప్పాలె? మిషన్ ఖరాబైంది అన్న.

"మిషన్ ఖరాబైతె మిషన్ విప్పుకోవాలె. నా పులినెందుకు విప్పుతరు? అబద్ధమాడేటప్పుడు నీ చెవులు ఎర్రగైతయి కొడకా, చిన్నప్పటి నుంచి. పో. నీలను ఉన్న మాట చెప్పుమను, అప్పుడిస్త."

అక్కా, నీ సంగతి నా నోటితోని చెప్పబుద్ధి కాలె. ఏం చేద్దాం?

సుదర్శన్


సిరిసిల్ల,
జూలై 22.

లసుమవ్వ చిన్నమ్మకు నీల దండాలు. తమ్ముడు చదివి వినిపిస్తాడు.

చిన్నమ్మా, ఉన్న మాట ఇది. స్వామి బట్ట బొమ్మ దాచిన ఫ్లాపీని నేనే పాడు చేశాను. దసరానాడు దాని లోపల బొట్టు పెట్టాను. పెట్టకూడదని నాకు తెలియదు. పాడైందని అనుమానం వచ్చాక చెప్పకపోవడం మాత్రం తెలిసే చేశాను.

నీ పులి లేకుంటే ఈ ఏడు స్వామికి అంచు లేదు. నా బిడ్డకు సాంచా లేదు. విప్పమని అడిగే అర్హత నాకు తక్కువ. అయినా అడుగుతున్నాను.

నీల


కోరుట్ల,
జూలై 26.

అక్కా,

చదివిన. వాడకట్టు బీడీలు చేసేటోళ్లు ఆరుగురు చుట్టు ఉన్నరు, "లోపలికి పోదాం చిన్నమ్మా" అంటె "ఏం, దొంగతనం చేసిందా? ఈన్నే చదువు" అన్నది.

చదువుడు అయినంక కత్తెర కింద పెట్టింది. నేను ఆమె చేతిల కత్తెర లేకుండ చూసుడు గదే మొదటిసారి. పొట్ట పట్టుకోని నవ్వింది. నవ్వి నవ్వి దగ్గు వట్టింది.

"అయ్యో బిడ్డా! దేవునికి బొట్టు పెట్టవోయి దేవుని కంట్ల పెట్టినవా!"

అందరు నవ్విర్రు. నేను గూడ నవ్విన. ఎవ్వరు తప్పువట్టలె అక్కా. "గామె గింత ఉన్న మాట చెప్పంగ ఎన్నడన్న విన్నరా? పండుగ నాడు గూడ విచారణ చేసినట్టె మాట్లాడ్తది" అన్నది. గది మాత్రం నిజమే, కోపం చేసుకోకు.

చాట ఒళ్లె పెట్టుకోని ముడి పండ్లతోని విప్పింది. ఆకు కత్తిరిచ్చేటప్పుడు ఎప్పుడో కత్తెర తగిలి ఓ మూల పోయింది. పులి తోక సగం లేదు. "తోక లేకున్న పులి పులే" అని నా చేతిల పెట్టింది. పొగాకు వాసన వస్తది, ఉతకకుండనే పంపుతున్న.

తోక ఎట్ల?

సుదర్శన్


సిరిసిల్ల,
ఆగస్టు 7.

తమ్మీ,

నిన్న పొద్దున బట్ట దిగింది.

ముక్కలు వచ్చిన నాటి నుంచి వర్ష షెడ్డులోనే ఉంది. అద్దం కంటికి పెట్టుకుని సూది కొసతో పోగులు లెక్కపెట్టేది. నేను పక్కన కూర్చుని అది చెప్పిన అంకె ప్రకారం గళ్ల కాగితం మీద గీసేదాన్ని. జపమాల తిప్పినట్టే ఉండేది. మధ్యలో లెక్క తప్పితే నా మీద కసిరింది. బాగుంది అనిపించింది.

పులి తోకకు ఏ ఆధారమూ లేదు. ఫోటోల్లో మడతలోకి పోయింది. నేను గుర్తున్నట్టు చెప్పబోయాను. "ఆగమ్మా" అన్నది. ఈసారి ఆ మాట దానిది. తనే గీసింది. పాత తోక కిందికి ఉండేది. వర్ష పైకి ఎత్తింది.

పెన్‌డ్రైవ్ పెట్టి సాంచా నడిపించింది. మొదట తామర, తర్వాత శంఖం. పులి వచ్చేటప్పుడు మీ బావ తన సాంచాలన్నీ ఆపాడు. ముప్పై ఏళ్లలో పని వేళ ఆయన సాంచా ఆపడం చూడలేదు. గల్లీ నిశ్శబ్దమైతే పక్కింటివాళ్లు కరెంటు పోయిందనుకుని బయటికి వచ్చారు.

తోక చూసి, "ఇదేందే, గింత పొగరు?" అన్నాడు.

"నా సాంచాల పులి నాయినా" అన్నది వర్ష.

సాయంత్రం ముగ్గురం సాంచా ముందు చాప వేసుకుని కూర్చున్నాం. స్వామి బట్ట మడిచి పీట మీద పెట్టాను. మీ బావ మొదట మాట్లాడాడు. టేపుతో కొలిచి పోయినవాళ్లకు రావద్దని మధ్యాహ్నమే ఫోన్ చేశాడట. జకార్డు వర్షది. తోక గురించి వాదన జరిగింది. పాతదే సరైనదని నేను, ఎత్తిందే బాగుందని వాళ్లిద్దరు. ఎత్తిన తోకే ఉంటుంది. ముక్కలు కోసేటప్పుడు ఏ బొమ్మ ఎవరింటికి పోయిందో ఇకనుంచి వర్ష రాసి పెడుతుంది. ఎవరికైనా విప్పే అవసరం వస్తే అడిగి విప్పవచ్చు. ఇది నేను చెప్పిన మాట. జ్వరం పిల్లాడి ఇంటికి పున్నం రోజు నేనే పోతాను.

నాకు పెన్‌డ్రైవ్ దగ్గరికి వచ్చే పని లేదని తీర్మానమైంది. దసరాకు సాంచా కట్టెకు బొట్టు పెడతాను, అంతే. గళ్ల కాగితాలు ఈసారి పారేయలేదు, నా పెట్టెలో ఉన్నాయి. రెండో పెన్‌డ్రైవ్ నీకు ఇవ్వాలని నేనన్నాను. "బామ్మర్దికా? మళ్ల పెండ్లి పత్రికలెక్కిస్తడు" అన్నాడు మీ బావ. చివరికి లసుమవ్వ చిన్నమ్మ దగ్గర ఉంచాలని ముగ్గురం ఒప్పుకున్నాం. ఆమె ఇంట్లో కంప్యూటర్ లేదు. చెరిపేవాళ్లు ఉండరు.

ఎల్లుండి పున్నానికి దాన్ని బట్టతో పాటు తెస్తున్నాం. పోస్టులో అందదని ఈ ఉత్తరం బస్సు కండక్టర్‌తో పంపుతున్నాను. బొట్టు పెట్టవద్దని మాత్రం ఆమెకు నువ్వే చెప్పు. ఆ మాట నా నోటి నుంచి వస్తే మళ్లీ దగ్గు పడుతుంది.

అక్క
నీల